పదకొండో పాఠం

ఆ ఇంట్లో సాయంత్రం అయిదు గంటల నుంచి ఆరుంబావు దాకా పుస్తకం చదివేవారు. ఇప్పుడు చదవడం లేదు.

చదివేది అత్తగారు, వినేది కోడలు. కోడలు బడిలో సైన్సు టీచరు. రోజుకు ఆరు పీరియడ్లు చెప్పి ఇంటికి వచ్చేసరికి ఆమెకు గొంతు ఉండేది కాదు. గోరువెచ్చని నీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని, వంటగది గుమ్మానికి ఎదురుగా కూర్చునేది. అత్తగారు రెండు గ్లాసుల టీ తెచ్చి, ఒకటి ఆమె చేతికిచ్చి, రెండోదాని మీద మూత పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని, నిన్న ఎక్కడ ఆపారో అక్కడి నుంచి మొదలుపెట్టేవారు. చదువుతున్నంతసేపూ ఆ రెండో గ్లాసు మూత కిందే చల్లారేది. అధ్యాయం మధ్యలో గుక్కెడు తాగడమంటే రాసినవాళ్ళను అవమానించడమేనని ఆవిడ అభిప్రాయం.

పుస్తకాలు సంఘం స్త్రీల సమాజం వారి బీరువాలోవి. అన్నీ క్రైస్తవ నవలలే. ఎన్ని చేతులు మారాయో, అట్టల అంచులు గుడ్డలా మెత్తబడి ఉండేవి. వాటిలో పాస్టరుగారి భార్యలూ, దారి తప్పి మళ్ళీ గుమ్మం తట్టే కొడుకులూ, జ్వరాల ఆసుపత్రిలో రాత్రింబవళ్ళు పనిచేసే నర్సులూ ఉండేవారు. అత్తగారు ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క గొంతు పెట్టి చదివేవారు. దుర్మార్గులందరికీ మాత్రం ఒకటే గొంతు. అది బడి హెడ్మిస్ట్రెస్ గొంతు.

"పాపం, ఆవిడ మీకేం చేసింది అత్తయ్యా?" అని కోడలు ఒకసారి అడిగింది.

"నా దగ్గర చదువుకుంది. ఏడో ఎక్కం రాక ఒక ఏడాదంతా ఏడిపించింది."

"పాపం, ఏడ్చిందా?"

"అది కాదు. నన్ను ఏడిపించింది."

అత్తగారు అదే బడిలో ముప్పై ఆరేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. చదువుకున్నవాళ్ళు ఆవిణ్ణి స్కేలు టీచరమ్మ అనేవారు. ఆ స్కేలుతో ఆవిడ ఎన్నడూ ఎవరినీ కొట్టలేదు. క్లాసులోకి రాగానే దాన్ని బల్ల మీద పెట్టేవారు, అంతే. అది చాలేది.

ఈ చదవడం మొదలైంది కోడలు తిరిగి బడిలో చేరిన రోజున. అంతకు ఎనిమిది నెలల కిందట, పెద్ద గాలివాన వెలిసిన మర్నాడు, కరెంటు లైన్‌మన్‌గా పనిచేసే ఆమె భర్త స్తంభం ఎక్కాడు. ప్రాణంతో దిగలేదు. ఆ ఎనిమిది నెలలూ ఆమె సెలవులో ఉంది. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నా గిన్నెల చప్పుడు తప్ప మరొకటి వినపడేది కాదు. బడి తెరిచే ముందు రోజు అత్తగారు బీరువా తాళంచెవి అడిగి తెచ్చుకుని, అన్నిటికంటే లావుపాటి నవల ఏరి తెచ్చారు.

"రేపటి నుంచి పొద్దంతా నువ్వు మాట్లాడతావు. సాయంత్రం ఇంకెవరైనా మాట్లాడాలి కదా," అన్నారు.

చేరిన మూడో వారంలో స్టాఫ్‌రూమ్‌లో కోడలి కుర్చీ చిగురించింది.

ముందుగా చూసింది పక్క కుర్చీలో కూర్చునే లెక్కలావిడ. "ఏమే, నీ కుర్చీకి చిగురొచ్చింది, చూశావా?"

"ఎక్కడ?"

"వెనకాల, ఎడమవైపు. సంచి అటు తగిలించకు, నలిగిపోతుంది."

కోడలు వంగి చూసింది. వీపు ఆనించే చెక్కకు పైన, పాలిష్ పొరను చీల్చుకుని, రాగిరంగులో ఒక ఆకు వచ్చింది. చిటికెనవేలి గోరంత ఉంది. ఆమె సంచి తీసి కుడివైపు తగిలించింది. లెక్కలావిడ తన టిఫిన్ బాక్సు తెరిచి, సగం ఆమె మూతలో పెట్టింది. అలా పెట్టడం అదే మొదలు.

బడి ఆవరణలో ఒకప్పుడు పెద్ద చెట్టు ఉండేది. అది పడిపోయినప్పుడు దాని కలపతో స్టాఫ్‌రూమ్‌కు పద్నాలుగు కుర్చీలు చేయించారు. వాటిలో ఏదో ఒకటి ఎప్పుడో ఒకప్పుడు చిగురిస్తుంది. చిగురించిన కుర్చీ ఎవరిదో, ఏడో ఆకు విప్పారాక వారు మర్నాటి హాజరుపట్టీలో సంతకం చేయరు. చరిత్ర మాస్టారి విషయంలో అలాగే అయింది; మర్నాడు బడి అంతా ఆయన అంత్యక్రియలకు వెళ్ళింది. డ్రాయింగు మాస్టారు తన కుర్చీని మూలకు నెట్టేసి నెలరోజులు స్టూలు మీద కూర్చున్నారు. కుర్చీ మూలనే ఉండి, ఆకుల్ని వేళకు విప్పింది. ఒక హెడ్మాస్టరు రంపం తెప్పించి కొమ్మ కోయించారు. తెల్లారేసరికి కోసిన చోటే రెండు ఆకులు విప్పారాయి. తరువాత ఎవరూ దాని జోలికి పోలేదు. వాన వస్తే కిటికీలు వేసేవారు. కుర్చీ చిగురిస్తే టైంటేబులు మార్చేవారు.

కుర్చీ ఎవరిది అనేదానికి ఒక్కటే నియమం. మొదటి గంటకు సంచి తగిలించి, చివరి గంటకు ఆ సంచి తీసుకున్నవారిదే ఆ కుర్చీ. మరొకరు అలా తగిలించి తీసుకుంటే అప్పటి నుంచి వారిదవుతుంది. ఆ సంగతి అందరికీ తెలుసు. చిగురించిన కుర్చీని తీసుకొమ్మని ఎవరినీ అడిగినవారు లేరు. తీసుకుంటామని వచ్చినవారూ లేరు.

గంట కొట్టే అటెండర్ని అందరూ గంటయ్య అనేవారు. అతను పొద్దున్న బల్లలు తుడిచేటప్పుడు తడిగుడ్డతో ఆ ఆకును కూడా తుడిచి వెళ్ళేవాడు. రెండో ఆకు వచ్చిన వారంలో హెడ్మిస్ట్రెస్ కోడల్ని గదిలోకి పిలిచి, ఎదుటి కుర్చీ చూపించారు.

"రెండో టర్ము టైంటేబులు వేశామండీ. మీ పేరు పెట్టలేదు. మధ్యలో మార్చాలంటే క్లర్కుకు ఇబ్బంది. మీరు మరోలా అనుకోకండి."

"లేదండీ."

"మార్కుల పుస్తకాలు ఎప్పటికప్పుడు రాసి నా బల్ల మీద పెట్టండి. తరువాత వచ్చేవాళ్ళు వెతుక్కోకుండా ఉంటుంది." ఆవిడ కాసేపు పేపర్ వెయిట్ తిప్పారు. "దేవుని చిత్తం. మనం ఏం చేయగలం?"

"ఏడో తరగతి బి సెక్షనుకు సైన్సు ఎవరు చెబుతారండీ?"

"పోస్టు ఖాళీ అని పైకి రాస్తాం. ఏడాది పడుతుందో, రెండేళ్ళు పడుతుందో."

కోడలు ఆ గదిలోంచి బయటకు వస్తూ తన గురించి అనుకోలేదు. ఆమె అనుకున్నది ఆ సెక్షనులోని నలభై ఆరుగురి గురించి. ఎనిమిది నెలలు వాళ్ళు ఒకసారి టీచరు లేకుండా ఉన్నారు. చీకటి గదిలో వెలుగు తిన్నగా ఎందుకు పోతుందో, నీరు ఆవిరై ఎక్కడికి పోతుందో చెప్పేవారు లేక, ఆ పీరియడ్లలో కాగితం విమానాలు చేసుకున్నారు. మళ్ళీ అలా కావడానికి వీల్లేదు. పుస్తకంలో పదహారు పాఠాలున్నాయి. ఏడు ఆకుల్లోపల పదహారు పాఠాలు.

ఆ రోజు నుంచి ఆమె పరుగెత్తింది. ఆటల పీరియడు అడిగి తీసుకుంది, ప్రార్థన తరువాతి పది నిమిషాలు తీసుకుంది, భోజనం గంటలో సగం తీసుకుంది. నాలుగు రోజుల పాఠం రోజున్నరలో అయిపోయేది. ముందు బెంచీలో కూర్చునే పిల్ల ఒకనాడు చెయ్యెత్తింది.

"టీచర్, మీరు రైలెక్కాలా?"

"ఎందుకలా అడుగుతున్నావు?"

"మరీ ఇంత గబగబా చెబుతుంటేనూ!"

క్లాసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వి, బోర్డు తుడిచి, తరువాతి పాఠం పేరు రాసింది.

ఇంట్లో ఈ మాట చెప్పలేదు. నోటుబుక్కుల కట్టలు ఇంటికి మోసుకొచ్చేది. బకెట్లో కాళ్ళు పెట్టుకుని ఒళ్ళో పుస్తకాలు దిద్దుకుంటూనే నవల వినేది. ఆ నవలలో ఒక వితంతువు నదీముఖంలో దీపస్తంభం కాపలా కాస్తుంటుంది. ఆమె మరిది ఆ ఉద్యోగం కోసం ఆమె మీద సంఘపెద్దలకు చాడీలు చెబుతుంటాడు. మరిది గొంతు హెడ్మిస్ట్రెస్‌దేనని వేరే చెప్పనక్కరలేదు. వరద వచ్చిన రాత్రి ఆ మరిది పడవే గల్లంతైంది. వితంతువు నడుముకు తాడు కట్టుకుని నీళ్ళలోకి దిగుతోంది.

అత్తగారు విసుగ్గా తల ఎత్తారు. "ఈ రాసేవాళ్ళకు ఎవరో ఒకరు ఇంకొకరి కోసం నీళ్ళలోకి దూకకపోతే పుస్తకం తెమలదు."

"మరి పడవలో ఉన్నవాణ్ణి వదిలేయమంటారా?"

"వదిలేయమనడం లేదు. అన్ని మాటలు చెప్పి దిగడం దేనికంటున్నాను. రెండు పేజీల ప్రార్థన చేసింది. ఈలోగా వాడు సముద్రంలో కలిసిపోడూ?"

కోడలు పెన్ను పక్కనపెట్టి నవ్వింది. ఆ నవ్వు కోసమే ఆవిడ అప్పుడప్పుడు పుస్తకాన్ని అలా తిట్టేవారు.

ఒక సాయంత్రం టీ పెట్టడానికి చోటు లేక, అత్తగారు బల్ల మీది నోటుబుక్కుల కట్ట పక్కకు జరిపారు. పైనున్న పుస్తకం తెరుచుకుంది. ముప్పై ఆరేళ్ళ అలవాటు. చేతికొచ్చిన నోటుబుక్కు చూడకుండా మూయలేరు. పదకొండో పాఠం. కాంతి, నీడలు. పక్కనే ఎర్ర సిరాతో టిక్కు, తేదీ. ఆవిడ దాన్ని మూసి, కట్ట చదును చేసి, కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నారు. నవల తెరవలేదు.

"అమ్మాయ్."

"ఊఁ."

"పదకొండో పాఠం అర్ధసంవత్సరం పరీక్షల తరువాత కదూ?"

"ఈసారి కొంచెం ముందుకు వెళ్ళాం అత్తయ్యా."

"పరీక్షలకు ఇంకా ఆరు వారాలుంది."

"పిల్లలు చురుగ్గా ఉన్నారు."

"నలభై ఆరుగురూనా?"

బకెట్లో నీళ్ళు కదిలాయి.

"పోర్షను వెనకపడని టీచరు ఈ భూమ్మీద లేదు," అన్నారు అత్తగారు. "నా సర్వీసులో ముందుకు వెళ్ళినవాణ్ణి ఒక్కణ్ణే చూశాను. చరిత్ర మాస్టారు. మూడు వందల ఏళ్ళు పద్దెనిమిది రోజుల్లో చెప్పేశాడు." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. "ఎన్ని?"

"అయిదు."

"ఆరోది?"

"మొగ్గలో ఉంది."

"నాతో ఎప్పుడు చెబుదామనుకున్నావు?"

"పుస్తకం అయిపోయాక."

అత్తగారు కిటికీ వైపు చూశారు. అవతలి వీధిలో ఎవరో సైకిలుకు గాలి కొడుతున్నారు. ఆ చప్పుడు ఆగాక ఇటు తిరిగారు.

"హెడ్మిస్ట్రెస్ ఏమంది?"

"దేవుని చిత్తం అన్నారు."

"వాడు పోయినప్పుడూ అదే మాటన్నారు. ఇంటికి వచ్చి, ఈ కుర్చీల్లోనే కూర్చుని, ఒకరి తరువాత ఒకరు అన్నారు. ఔననుకున్నాను. అప్పుడు నాకు ముందుగా చెప్పినవాళ్ళు లేరు, నన్ను అడిగినవాళ్ళూ లేరు." ఆవిడ నవల తెరిచి, గుర్తుగా పెట్టిన దారం తీశారు. "ఎక్కడున్నాం? ఆఁ, తాడు."

ఆ సాయంత్రం మరిది మాటలు వచ్చినప్పుడు ఆవిడ ఏ గొంతూ పెట్టలేదు. మొత్తం అధ్యాయం ఒకే గొంతుతో చదివారు.

పై వారం ఆరో ఆకు విప్పారింది. సోమవారం పొద్దున కోడలికి జ్వరం తగిలింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. వీధి చివరి డాక్టరు టార్చి వేసి గొంతులోకి చూసి, మూడు రోజులు ఒక్క అక్షరం కూడా పలకకూడదన్నాడు. "ఏం పనిచేస్తారు? టీచరా? అయితే నాలుగు రోజులు," అని సవరించాడు.

మంగళవారం ఆమె కళ్ళు తెరిచేసరికి అత్తగారు బడికి వెళ్ళేనాటి ఇస్త్రీ బట్టలు కట్టుకుని, జడ బిగించి, పాత తోలుసంచి దుమ్ము దులుపుతున్నారు. కోడలు దిండు పక్కనున్న కాగితం మీద రాసి చూపించింది: ఎక్కడికి?

"బడికి. ఇంకెక్కడికి, పెళ్ళికా?"

వద్దు, అని రాసింది. కింద రెండు గీతలు గీసింది.

"నలభై ఆరుగురు ఖాళీగా కూర్చుంటే కప్పు ఎగిరిపోతుంది. పద్నాలుగో పాఠం కదా? రాత్రి చదువుకున్నాను. నీటి చక్రం. లెక్కలు చెప్పినదానికి నీటి చక్రం ఒక లెక్కా? గంజి ఫ్లాస్కులో పోశాను. మాత్ర తిన్నాక పడుకో."

జ్వరం మత్తులో ఆమెకు అది నీటి చక్రం సంగతిగానే తోచింది. కళ్ళు మూతపడ్డాయి. గేటు గొళ్ళెం పడిన చప్పుడుకు ఉలిక్కిపడి లేచింది. తోలుసంచి. మొదటి గంట. గోడలు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, ఉన్న బలమంతా పెట్టి పిలిచింది. మాట రాలేదు. వీధి మలుపులో ఆవిడ ఎప్పటి నడకతో, తలెత్తి, తిన్నగా వెళుతున్నారు. వెనక్కి చూడలేదు.

బడిలో హెడ్మిస్ట్రెస్ ఆవిణ్ణి చూడగానే లేచి నిలబడ్డారు.

"నిలబడతావేం? కూర్చో. నువ్వు హెడ్మిస్ట్రెస్‌వి," అన్నారు అత్తగారు.

ఆవిడ కూర్చుని, మళ్ళీ లేచారు.

"మా కోడలి క్లాసులు ఇవాళ నేను తీసుకుంటున్నాను."

"రిటైరైనవాళ్ళు తీసుకోవచ్చో లేదో, రూల్సు చూడాలి టీచరమ్మగారూ."

"చూస్తూ ఉండు. ఈలోగా ఒక పీరియడు అయిపోతుంది. ఏడో ఎక్కం వచ్చా ఇప్పుడు?"

"వచ్చండీ."

"సంతోషం."

స్టాఫ్‌రూమ్‌లో పదిమంది టీచర్లున్నారు. సగంమంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే. ఆవిడ ఎటు నడుస్తున్నారో చూసి లెక్కలావిడ ఎదురు వచ్చింది. "నా కుర్చీలో కూర్చోండి మేడమ్. నేను స్టూలు తెచ్చుకుంటాను."

"నీది నీకుండనీ. మా అమ్మాయి కుర్చీ ఉంది కదా."

కిటికీ అవతల వరండాలో గంటయ్య సుత్తి ఎత్తి పట్టుకుని నిలబడిపోయాడు. గడియారంలో తొమ్మిదిన్నర దాటింది.

"గంట కొట్టవయ్యా, టైమయింది."

"టీచరమ్మగారూ..." అన్నాడతను.

"నీకు గడియారం చూడడం నేర్పింది నేనే. కొట్టు."

అతను కొట్టాడు. ఆవిడ తోలుసంచి తీసి, ఆరు ఆకుల పక్కన, ఏ ఆకూ నలగకుండా తగిలించారు. స్కేలు తీసుకుని క్లాసుకు వెళ్ళారు. నాలుగింటికి చివరి గంట కొట్టినప్పుడు వచ్చి సంచి తీసుకున్నారు. మిగతావాళ్ళు తమ సంచులు సర్దుకున్నారు. లెక్కలావిడ మాత్రం గేటు దాకా ఆవిడ వెనకే నడిచి వచ్చింది.

ఇంట్లో కోడలు మంచం మీద కూర్చుని ఉంది. కాగితం ముందే రాసి పెట్టుకుంది. ఏ కుర్చీలో కూర్చున్నారు?

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని చదివారు. "చేతిరాత పాడైపోయింది నీది. గుండ్రంగా ఉండేది."

కోడలు కాగితం మీది ప్రశ్న మీదే వేలు పెట్టి పొడిచింది.

"నీ కుర్చీలో. మెత్తగా ఉంది. నీకు స్టోరు రూములోంచి నా పాత కుర్చీ తీయించాను. గంటయ్య కడిగి ఎండలో పెట్టాడు. ఒక కాలు కొంచెం పొట్టి, కింద అట్టముక్క పెట్టుకో." ఆవిడ సంచిలోంచి సుద్దముక్కలు తీసి గూట్లో పెట్టారు. "మీ పిల్లలు బాగున్నారు. రైలు టీచరు ఎప్పుడొస్తుందని అడిగారు."

కోడలు కాగితం తిప్పి రాసింది. ఎంత నొక్కి రాసిందంటే చిరిగిపోయింది: మీకేం హక్కుంది?

అత్తగారు ఆ చిరుగును వేలితో సరిచేశారు. "ఒకసారి వరస తప్పింది. నాకంటే ముందు వాడు వెళ్ళాడు. రెండోసారి కూడా వరస తప్పితే నేను లెక్కల టీచర్ని ఎలా అవుతాను?" కాగితం నాలుగు మడతలు పెట్టి ఆమె దిండు కింద ఉంచారు. "ఏడవకు. గొంతు వాస్తుంది. డాక్టరు వద్దన్నాడు."

అయిదయింది. టీ కాచారు. రెండో గ్లాసు మీద మూత పెట్టారు.

శుక్రవారం కోడలు బడికి వెళ్ళింది. అందరికంటే ముందు వెళ్ళి, మొదటి గంటకు తన సంచిని చిగురించిన కుర్చీకే తగిలించింది. రెండో పీరియడు అయ్యాక వచ్చి చూస్తే సంచి పొట్టికాలు కుర్చీకి వేలాడుతోంది. మళ్ళీ మార్చింది. మళ్ళీ అక్కడికే వచ్చింది. మూడోసారి గంటయ్య దొరికిపోయాడు.

"ఎందుకు తీస్తున్నావు?"

"టీచరమ్మగారు చెప్పారండీ. చివరి గంటదాకా ఉండనివ్వద్దన్నారు."

"ఇప్పుడు ఈ బడిలో టీచరు ఆవిడా, నేనా?"

"మీరేనండీ." అతను సంచిని రెండు చేతులతో పట్టుకుని నేల చూశాడు. "కానీ ఆవిడ మాట దాటలేనండీ. నాకు యాభై రెండేళ్ళు. ఇప్పటికీ ఆవిడ కనబడితే చేతులు వెనక్కి పెట్టుకుంటాను."

ఆమె లెక్కలావిడ వైపు చూసింది. లెక్కలావిడ దిద్దుతున్న పేపర్ల మీంచి తల ఎత్తలేదు. గదిలో ఎవరూ ఎత్తలేదు. ఆ రోజు మధ్యాహ్నం హెడ్మిస్ట్రెస్ కొత్త టైంటేబులు అంటించారు. రెండో టర్ములో ఏడో తరగతి బి సెక్షను గళ్ళలో ఆమె పేరు ఉంది. క్లర్కు రెండు రోజులు కూర్చుని మళ్ళీ రాశాడు.

ఏడో మొగ్గ గట్టిగా, కొనదేరి, రోజూ అలాగే ఉండేది. ఆమె ప్రతి పీరియడుకూ ముందు, తరువాత వచ్చి చూసేది. సాయంత్రాలు ఆమె బకెట్లో నీళ్ళు చల్లారాయని లేచేది, పాలు పొంగాయేమోనని లేచేది, మళ్ళీ మొదటి నుంచి చదవమనేది.

"ఈ పేజీ మూడోసారి," అనేవారు అత్తగారు.

"నాకు అర్థం కాలేదు."

"తాడు తెగిందని అర్థం కావడానికి మూడుసార్లు దేనికి?"

"మెల్లగా చదవండి అత్తయ్యా. తొందరేముంది?"

ఆవిడ ఆమె ముఖం చూసి, ఆ పేజీ నాలుగోసారి చదివారు. ఇంకా అరవై పేజీలున్నాయి. వితంతువు నీళ్ళలోనే ఉంది. ఆ వారం కథ అక్కడి నుంచి కదల్లేదు.

తరువాతి బుధవారం, అయిదో పీరియడులో, ఆమె పదహారో పాఠం మధ్యలో ఉంది. లెక్కలావిడ క్లాసు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో ఏమీ లేదు.

"నువ్వు ఇంటికి వెళ్ళు. నీ క్లాసు నేను చూస్తాను."

ఆమె సుద్దముక్క బల్ల మీద పెట్టింది. దొర్లిపోబోతే వేలితో ఆపి మళ్ళీ పెట్టింది. "ఎప్పుడు?"

"ఇప్పుడే. మధ్యాహ్నం బెల్లుకు మూసే ఉంది." లెక్కలావిడ ఆమె చేతికి సంచి అందించింది. "వెళ్ళవే. మాట్లాడకు, వెళ్ళు."

ఆమె వెళ్ళింది. ఆకాశం ఒక పక్క నల్లబడింది. దుకాణాల వాళ్ళు సామాను లోపలికి లాక్కుంటున్నారు. ఇంటికి వచ్చి గదులన్నీ చూసింది. పొయ్యి ఆరి ఉంది. గ్లాసులు బోర్లించి ఉన్నాయి. గొంతు వచ్చాక మొదటిసారి గట్టిగా పిలిచింది.

"అత్తయ్యా!"

"ఎందుకా కేకలు? మేడ మీదున్నాను. త్వరగా రా, వాన వచ్చేట్టుంది."

ఆమె మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కింది. అత్తగారు క్లిప్పులు తీసి నోట్లో పెట్టుకుంటూ, తీగ మీది బట్టలు భుజాన వేసుకుంటున్నారు. గాలికి పెద్ద దుప్పటి తెరచాపలా లేస్తోంది.

"ఇంత తొందరగా వచ్చావేం?" అని అడిగి, ఆమె ముఖం చూసి, ఇక అడగలేదు. నోట్లోంచి క్లిప్పులు తీసి డబ్బాలో వేశారు. "సరే. ఆ కొసలు పట్టుకో. నాకొక్కదానికీ లొంగడం లేదు."

కోడలు రెండు కొసలు పట్టుకుంది. అత్తగారు మిగతా రెండు పట్టుకుని వెనక్కి నడిచారు. దుప్పటి ఇద్దరి మధ్యా బిగిసింది.

"గట్టిగా లాగు. ముడతలు పోవాలి."

"లాగుతున్నాను."

"ఇదా లాగడం? తిండి తినడం లేదా?"

ఆమె లాగింది. ఒకసారి దులిపారు. పొడవున సగానికి మడిచారు, మళ్ళీ సగానికి. మొదటి చినుకు దుప్పటి మీద పడి నాణెమంత మచ్చ చేసింది. అత్తగారు తన కొసలు ఎత్తి పట్టుకుని, ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ కోడలి దగ్గరికి వచ్చి, అంచుకు అంచు సరిగ్గా కలిపి, ఆ కొసలు ఆమె వేళ్ళలో పెట్టారు.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నాను."

ఆవిడ వదిలారు.